సామీ ప్రజలు

సామీ ప్రజలు ఉత్తర ఐరోపాలో ఆర్కిటిక్ వలయానికి అటూ ఇటూ వ్యాపించిన ప్రాంతంలో తరతరాలుగా నివసిస్తున్న ఆదివాసులు. తమ స్వస్థలాన్ని వీరు "సాప్మి" అని పిలుచుకొంటారు. సాప్మికి వేరుగా దేశం గాని, సరిహద్దులు గాని లేవు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల ఉత్తర భాగాలు, రష్యాలోని కోలా ద్వీపకల్పం కలిసి సాప్మి అవుతుంది. నార్వే, స్వీడన్‌లలో ఇది దక్షిణంగా మధ్యభాగం వరకు కూడా వస్తుంది. సామీల జనాభా సుమారు 80,000 నుండి 1,00,000 వరకు ఉంటుందని అంచనా. నార్డిక్ దేశాలలో జనాభా లెక్కలు జాతి ప్రాతిపదికపై తీయరు కనుక కచ్చితమైన సంఖ్య లభించదు. వీరిలో సగం మంది, లేదా అంతకంటే కొంత ఎక్కువ మంది, నార్వేలోనే ఉన్నారు. రష్యాలో 2010 జనాభా లెక్కల ప్రకారం వీరి సంఖ్య 1,771 మాత్రమే.

రెయిన్‌డీర్‌ల (ధ్రువపు జింకల) పెంపకం సామీల వృత్తిగా ప్రపంచానికి తెలుసు. నిజానికి సామీలలో ఆ వృత్తిలో ఉన్నవారు సుమారు పదోవంతు మాత్రమే. చేపలవేట, చిన్న కమతాల వ్యవసాయం, వేట, చేతిపనులు కూడా వీరి సంప్రదాయ జీవనాధారాలే. నేడు ఎక్కువమంది పట్టణాలలో ఉద్యోగాలు చేస్తున్నారు.

పేరు

మన భూగోళశాస్త్ర పాఠ్యపుస్తకాలలో చాలాకాలం టండ్రా ప్రాంతపు ప్రజలుగా ఎస్కిమోలతో పాటు "లాప్‌ల" పేరు కనిపించేది. ఆ లాప్‌లే ఈ సామీలు. "లాప్" అన్నది ఇతరులు పెట్టిన పేరు. దానిని సామీలు కించపరిచే మాటగా భావిస్తారు కనుక ఇప్పుడు వాడటం లేదు. నార్వేజియన్లు పూర్వం వీరిని "ఫిన్" అని పిలిచేవారు. నార్వే ఉత్తరపు కొసన ఉన్న ఫిన్‌మార్క్ జిల్లాకు ఆ పేరు వచ్చింది ఫిన్లాండ్ ప్రజల వలన కాదు, సామీల వలననే.

చరిత్ర

సామీలను గురించిన తొలి వివరమైన వ్రాత ఆధారం క్రీ.శ. 890 ప్రాంతానికి చెందినది. ఉత్తర నార్వేకు చెందిన ఒట్టార్ అనే ధనికుడు ఇంగ్లాండు రాజు ఆల్‌ఫ్రెడ్ కొలువుకు వెళ్ళి తన ప్రాంతపు విశేషాలు చెప్పగా, వాటిని అక్కడివారు వ్రాసిపెట్టారు. సామీలు తనకు చర్మాలు, పక్షి ఈకలు, తిమింగిలం చర్మంతోను సీల్ చర్మంతోను పేనిన ఓడత్రాళ్ళు పన్నుగా చెల్లిస్తారని అతడు చెప్పాడు. తనకు 600 మచ్చిక రెయిన్‌డీర్‌లు ఉన్నాయని, వాటిలో ఆరు "ఎర జింకలు" అని కూడా చెప్పాడు. ఎర జింకలంటే అడవి జింకలను ఆకర్షించి పట్టుకోవడానికి ఉపయోగించేవి. ఆ కాలంలో అవి ఎంతో విలువైనవి. అంటే అప్పటికి జింకలు ప్రధానంగా వేటాడే జంతువులే; కొన్నింటిని మాత్రమే మచ్చిక చేసేవారు. ఫిన్‌మార్క్‌లోని ఆల్తా వద్ద బండలపై చెక్కిన, వేల సంవత్సరాల నాటి బొమ్మలలో కంచెలలోకి తోలిన జింకలు కనిపిస్తాయి. ఈ బొమ్మలున్న ప్రదేశాన్ని 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పెద్ద మందలను పెంచుతూ వాటి వెంట వలస వెళ్ళే పద్ధతి అడవి జింకలు తగ్గిపోయిన తరువాత, ముఖ్యంగా 17వ శతాబ్దంలో, విస్తరించింది.

సామీ సమాజానికి మూలమైన వ్యవస్థ "సీడా". కొన్ని కుటుంబాలు కలిసి ఒక ప్రాంతపు పచ్చికబయళ్ళు, వేటస్థలాలు, చేపల రేవులు ఉమ్మడిగా అనుభవించడమే సీడా. ఏ కుటుంబం ఏ వాగులో చేపలు పట్టాలో సీడా పెద్దల సభ నిర్ణయించేది. చుట్టూ ఉన్న రాజ్యాలు బలపడిన కొద్దీ సామీలపై పన్నుల భారం పెరిగింది. కొన్ని ప్రాంతాల సామీలు ఒకే సమయంలో డెన్మార్క్-నార్వేకు, స్వీడన్‌కు, రష్యాకు పన్ను కట్టవలసి వచ్చేది.

1751లో డెన్మార్క్-నార్వే, స్వీడన్ రాజ్యాలు తమ సరిహద్దును నిర్ణయించుకొన్నాయి. ఆ ఒప్పందానికి చేర్చిన ఒక అనుబంధంలో, సామీలు తమ జింకలతో వసంతంలోను శరత్కాలంలోను పూర్వం వలెనే సరిహద్దు దాటవచ్చునని, యుద్ధకాలంలో కూడా వారిని ఆపరాదని వ్రాసుకొన్నారు. సామీలు నేటికీ తమ హక్కులకు ప్రమాణంగా ఈ పత్రాన్ని చూపుతారు. కాని తరువాతి శతాబ్దంలో పరిస్థితి మారింది. రష్యా ఏలుబడిలోని ఫిన్లాండ్‌కు, నార్వేకు మధ్య సరిహద్దును 1852లో, ఫిన్లాండ్-స్వీడన్ సరిహద్దును 1889లో జింకల రాకపోకలకు మూసివేశారు. వేసవి మేత ఒక దేశంలోను, శీతకాలపు మేత మరొక దేశంలోను ఉన్న కుటుంబాలకు ఇది తీరని దెబ్బ. 1919లో నార్వే, స్వీడన్‌లు చేసుకొన్న మేత ఒప్పందం వలన స్వీడన్ ఉత్తరపు కొసలోని అనేక కుటుంబాలను దక్షిణానికి తరలించారు. ఆ కుటుంబాల గాథను సంకలనం చేసిన ఎలిన్ అన్నా లబ్బా అనే సామీ రచయిత్రికి 2020లో స్వీడన్‌లో ప్రతిష్ఠాత్మకమైన ఆగస్ట్ బహుమతి లభించింది.

రెయిన్‌డీర్‌ల పెంపకం

సామీ భాషలో మందను "ఎఅల్లు" అని, జీవితాన్ని "ఎఅల్లిన్" అని అంటారు. రెండింటికీ ధాతువు ఒకటే.

సామీల సంవత్సరానికి ఋతువులు ఎనిమిది. నాలుగు ప్రధాన ఋతువుల మధ్య వసంత-శీతకాలం, వసంత-వేసవి వంటి నాలుగు సంధి ఋతువులు ఉంటాయి. ఈ విభజన జింకల జీవనక్రమాన్ని బట్టి ఏర్పడినది. శీతకాలంలో మందలు సముద్రానికి దూరంగా లోతట్టు పీఠభూములలో, అడవులలో ఉంటాయి. అక్కడ చలి ఎక్కువైనా గాలి పొడిగా ఉండి మంచు తక్కువ మందంలో, పొడిగా పడుతుంది. ఆ మంచు క్రింద లైకెన్లు ఉంటాయి. జింక వాటి వాసనను మంచుపైనుండే పసిగట్టి, గిట్టలతో మంచును త్రవ్వి తింటుంది. లైకెన్లలో పిండిపదార్థం ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. అందువలన అవి శీతకాలం గడవడానికి సరిపోతాయి గాని ఎదుగుదలకు చాలవు. పైగా లైకెన్ సంవత్సరానికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. ఒకసారి మేసిన లేదా తొక్కిన చోట మళ్ళీ పూర్తిగా పెరగడానికి పదుల సంవత్సరాలు పడుతుంది. ఒకే చోట ఉండిపోకుండా తిరుగుతూ ఉండటానికి ఇదే ప్రధాన కారణం.

ఏప్రిల్ నెలలో చూడి జింకలు ముందు నడువగా వలస మొదలవుతుంది. మే నెలలో పిల్లలు పుడతాయి. ఈ సమయంలో మందకు ఏ అలజడీ కలగకూడదు. బెదిరిన తల్లి పిల్లను విడిచి పారిపోవచ్చు. నార్వేలో అనేక మందలు వేసవికి సముద్రతీరానికి, ద్వీపాలకు చేరుకొంటాయి. అక్కడ పచ్చగడ్డి దొరుకుతుంది, సముద్రపు గాలికి దోమలు, జోరీగల బాధ తక్కువ. దూరపు ద్వీపాలకు జింకలను పడవలలో చేరవేస్తారు. శరత్కాలంలో బలిసిన జింకలు కొన్నిచోట్ల జలసంధులను తామే ఈదుకొంటూ వెనుకకు వస్తాయి.

వేసవిలో పిల్లల చెవులకు గుర్తులు వేస్తారు. అర్ధరాత్రి కూడా సూర్యుడు అస్తమించని ఆ రోజులలో ఈ పని చల్లదనం కోసం రాత్రివేళ చేస్తారు. కట్టివేయని మందలో ఏ పిల్ల ఎవరిదో తెలుసుకొనే ఉపాయం ఒక్కటే: పిల్ల ఏ తల్లి వెంట నడుస్తున్నదో చూడటం. తల్లి చెవికి ఉన్న గుర్తును చూసి, పిల్ల రెండు చెవులకూ అదే విధంగా కత్తితో గాట్లు పెడతారు. గాట్ల ఆకారం, సంఖ్య, స్థానం కలిసి ఒక యజమాని గుర్తు అవుతుంది. పరుగెత్తే మందలో రెప్పపాటు కాలంలో గుర్తును చదవగలగడం కాపరికి ఉండవలసిన మొదటి విద్య. ఎవరికి ఎన్ని జింకలున్నాయని అడగడం సామీలలో అమర్యాద. అది ఒకరి బ్యాంకు ఖాతాలో ఎంత సొమ్ము ఉన్నదని అడగడంతో సమానం.

రెయిన్‌డీర్ జాతిలో ఆడ, మగ రెండింటికీ కొమ్ములుంటాయి. పెద్ద మగజింకల కొమ్ములు శీతకాలారంభంలో ఊడిపోతాయి. చూడి జింకలకు మాత్రం వసంతం వరకు ఉంటాయి. మంచులో తాము త్రవ్విన మేతగుంటను ఇతర జింకలు ఆక్రమించకుండా అవి ఈ కొమ్ములతో కాపాడుకొంటాయి. మందలో వయసును, లింగాన్ని, పనిని బట్టి ప్రతి జింకకు వేరు పేరు ఉంటుంది. ఆ సంవత్సరం పుట్టిన పిల్ల "మియెస్సి", ఈనిన ఆడది "ఆల్దు", బండి లాగే ఎద్దువంటి జింక "హెఅర్గి". మంచి మంద అంటే ఒకే రకమైన జింకల మంద కాదని, వేర్వేరు వయసులు, రంగులు, స్వభావాలు గల జింకలున్న మందే కష్టకాలానికి తట్టుకొంటుందని కాపరుల నమ్మకం. మాంసం దిగుబడిని ప్రధానంగా చూసే ప్రభుత్వ విధానాలతో ఈ నమ్మకానికి తరచు పొంతన కుదరదు.

మంచుకు సంబంధించి సామీ భాషలలో ఉన్న పదసంపద ప్రసిద్ధి చెందినది. దీనిని వింతగా చెప్పుకోవడమే గాని, దాని ఉపయోగం గురించి తక్కువమంది ఆలోచిస్తారు. "వాహ్త్సా" అంటే పాత మంచుపై పడిన కొత్త మెత్తని మంచు. "త్సువోఙు" అంటే పైన గట్టిపడి మనిషిని, జింకను మోయగల మంచు; వసంతంలో తెల్లవారుజామున వలస సాగించడానికి ఇది అనుకూలం. "చెఅర్గా" గాలికి గడ్డకట్టిన మంచు. జింక దానిని త్రవ్వలేదు. "సెఅఙాష్" అడుగున చక్కెర పలుకుల వలె ఉండే పొడిమంచు; దీనిని త్రవ్వడం సులభం. ఈ పొరల వరుసను బట్టి జింకకు మేత అందుతుందా లేదా అన్న స్థితిని "గువొహ్తున్" అనే ఒకే పదంతో చెబుతారు. శీతకాలమంతా కాపరి తీసుకొనే ప్రతి నిర్ణయం ఈ మాటపై ఆధారపడి ఉంటుంది.

ఇటీవలి దశాబ్దాలలో శీతకాలం మధ్యలో వాన కురిసి వెంటనే గడ్డకట్టడం ఎక్కువైనది. అప్పుడు లైకెన్లపై మంచుగడ్డ ఒక మూత వలె పేరుకొంటుంది. క్రింద మేత ఉన్నా జింకలకు అందదు. కాపరులు కొనుక్కొచ్చిన మేత వేయవలసి వస్తుంది. అది ఖరీదైన పని. పైగా ఒకచోట గుమికూడిన జింకలకు రోగాలు సోకుతాయి.

1960ల నుండి స్నోమొబైల్ అనే మంచుబండి వాడుకలోకి వచ్చి స్కీలను, పడవ ఆకారంలో ఉండే జింకబండిని చాలావరకు తొలగించింది. దీనితో పని తేలికైనా, ఇంధనానికి, యంత్రాలకు డబ్బు అవసరమై ఎక్కువ జింకలను అమ్మవలసి వచ్చింది. చిన్న మందలవారు వృత్తిని వదులుకొన్నారు.

చట్టపరంగా మూడు దేశాలలో మూడు పద్ధతులున్నాయి. స్వీడన్‌లో ఈ హక్కు సామీలదే, అయితే 51 సామీ గ్రామసంఘాలలో సభ్యత్వం ఉన్నవారికే వర్తిస్తుంది. నార్వేలోని సామీ మేత ప్రాంతాలలోను ఇది సామీలకే పరిమితం. ఫిన్లాండ్‌లో మాత్రం ఆ ప్రాంతంలో నివసించే ఇతరులు కూడా జింకలను పెంచవచ్చు. అక్కడ అనుమతించిన గరిష్ఠ సంఖ్య 2,03,700.

చెర్నోబిల్ ప్రభావం

1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణు విద్యుత్కేంద్రంలో జరిగిన ప్రమాదం వలన వేయి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సామీలు నష్టపోయారు. లైకెన్లకు వేళ్ళు ఉండవు. అవి తమకు కావలసిన పోషకాలను గాలి నుండి, వాన నుండి గ్రహిస్తాయి. వానతో పడిన సీజియంను కూడా అలాగే గ్రహించాయి. ఆ లైకెన్లను తిన్న జింకల మాంసంలో అణుధార్మికత అనుమతించిన పరిమితిని ఎన్నో రెట్లు మించింది. స్వీడన్‌లో పరిమితి కిలోకు 300 బెకరల్‌లు ఉండేది. వధించిన జింకలలో చాలావాటి మాంసాన్ని పారవేయవలసి వచ్చింది. 1987లో రెయిన్‌డీర్ మాంసానికి పరిమితిని 1,500కు పెంచారు. నార్వే 1986 నవంబరులోనే 600 నుండి 6,000కు పెంచింది. ఇందులో ఉన్న చిక్కు ఏమంటే, పట్టణవాసి సంవత్సరానికి ఒకటి రెండుసార్లు తినే మాంసాన్ని కాపరి కుటుంబం రోజూ తింటుంది.

తీరప్రాంత, నదీతీర సామీలు

చరిత్రలో సామీలలో ఎక్కువ మంది సముద్రతీరపు ఫ్యోర్డుల వద్ద చేపలు పడుతూ, కొన్ని ఆవులు, గొర్రెలు పెంచుకొని బ్రతికినవారు. వీరి జీవితం చూడటానికి నార్వేజియన్ రైతు జీవితానికి దగ్గరగా ఉండటం వలన భాష, వేషం ముందుగా కోల్పోయినది వీరే. 1944లో జర్మన్ సైన్యం వెనుదిరుగుతూ ఫిన్‌మార్క్‌లోని ఇళ్ళను తగులబెట్టడంతో వీరి పాత వస్తుసంపద కూడా చాలావరకు నశించింది.

నార్వే, ఫిన్లాండ్‌ల సరిహద్దుగా పారే తానా నది ఒడ్డున ఉన్న సామీలకు సాల్మన్ చేపలే ఆధారం. చేపలు బాగా తగ్గిపోవడంతో 2021లో ఆ నదిలో సాల్మన్ వేటను పూర్తిగా నిషేధించారు. వల అల్లడం, ప్రవాహానికి అడ్డంగా కంచె కట్టడం వంటి విద్యలు నదిపై పనిచేస్తేనే పిల్లలకు వస్తాయి కనుక, ఒక తరం వాటిని నేర్చుకోకుండానే పెరుగుతుందని ఆ ప్రాంతంవారి ఆందోళన.

ఇల్లు, దుస్తులు, ఆహారం

వలస సమయంలో "లావ్వు" అనే శంఖువు ఆకారపు గుడారంలో, స్థిరంగా ఉన్నప్పుడు పచ్చికగడ్డలతో కప్పిన "గోఅహ్తి" అనే గుడిసెలో నివసించేవారు. రెండింటిలోను మధ్యన పొయ్యి ఉంటుంది. పొయ్యికి వెనుకభాగాన్ని పవిత్రంగా చూసేవారు. "గాక్తి" వీరి సంప్రదాయ దుస్తు. నీలిరంగు బట్టపై ఎరుపు, పసుపు అంచులు కుట్టే తీరును బట్టి ధరించినవారి ప్రాంతాన్ని, కొన్నిచోట్ల కుటుంబాన్ని కూడా గుర్తించవచ్చు. జింక కాలిచర్మంతో కుట్టిన పాదరక్షలలో మేజోళ్ళకు బదులు, నలగగొట్టి ఎండబెట్టిన ఒక రకం తుంగగడ్డిని కూరుతారు. అది చెమటను పీల్చి కాలిని వెచ్చగా ఉంచుతుంది.

జింక శరీరంలో వ్యర్థమయ్యేది దాదాపు లేదు. మాంసంతో పులుసు, రక్తంతో అట్లు, నరాలతో కుట్టుదారం, కొమ్ముతో కత్తిపిడులు చేస్తారు. ఈ చేతిపనులను "దువోజి" అంటారు. బర్చ్ చెట్టు కణుపును తొలిచి చేసే కప్పు వీటిలో ప్రసిద్ధమైనది. కాఫీ 19వ శతాబ్దంలో వచ్చి, ఆతిథ్యంలో విడదీయరాని భాగమైపోయింది. కాఫీలో జున్నుముక్కలు వేసుకొని తినడం వీరి అలవాటు.

విశ్వాసాలు, డోలు

క్రైస్తవానికి పూర్వం సామీలు సూర్యుని, ఉరుమును, వింత ఆకారం గల శిలలను పూజించేవారు. వీరి మంత్రజ్ఞుడిని "నొఐది" అంటారు. అతని ముఖ్య సాధనం జింకచర్మపు డోలు. దానిపై ఆల్డర్ చెట్టు బెరడు రసంతో దేవతల, జంతువుల, మనుషుల బొమ్మలు గీస్తారు. కొమ్ముతో చేసిన సుత్తితో కొడుతూ ఉంటే, డోలుపై ఉంచిన ఉంగరం కదిలి ఏ బొమ్మపై ఆగుతుందో చూసి శకునం చెప్పేవారు. 17, 18 శతాబ్దాలలో చర్చి, ప్రభుత్వం కలిసి డోళ్ళను స్వాధీనం చేసుకొని నాశనం చేశాయి. 1693లో స్వీడన్‌లోని ఆర్యెప్లూగ్‌లో లార్స్ నిల్సన్ అనే వృద్ధుడిని పాతమతం విడువనందుకు దహనం చేశారు. అధికారులు సేకరించిన అనేక డోళ్ళు 1728లో కోపెన్‌హాగెన్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. నేడు మిగిలినవి కొన్ని పదులు మాత్రమే.

వాటిలో ఒకదాని కథ ప్రత్యేకంగా చెప్పదగినది. 1691లో ఉత్తర నార్వేలో ఆండర్స్ పౌల్సెన్ అనే వృద్ధుని డోలును లాక్కొని, మరుసటి సంవత్సరం అతనిపై మంత్రవిద్య నేరం మోపి వాడ్సోలో విచారించారు. విచారణలో అతడు డోలుపై ఉన్న ఒక్కొక్క బొమ్మకు అర్థం వివరించాడు. డోలు సొంతదారు స్వయంగా చెప్పిన వివరణగా ఆ కోర్టు రికార్డు ఎంతో విలువైనది. తీర్పు రాకముందే, నిర్బంధంలో ఉండగా, ఒక మతిస్థిమితం లేని వ్యక్తి అతనిని గొడ్డలితో చంపాడు. డోలు డెన్మార్క్ చేరింది. 1979లో కరాషోక్‌లోని సామీ మ్యూజియంకు దానిని అరువుగా మాత్రమే ఇచ్చారు. 2022లో, అంటే లాక్కొన్న 331 సంవత్సరాలకు, అది సామీల సొంతమైంది.

"యోయిక్" అనే గానపద్ధతిని కూడా మతబోధకులు పాపమని నిషేధించారు. యోయిక్‌లో మాటలు తక్కువ, కొన్నిసార్లు ఉండవు. ఒక మనిషిని గురించి పాడటం కాక, ఆ మనిషినే స్వరంలో పలికించడం యోయిక్ అని సామీలు చెబుతారు. పిల్లలకు, మిత్రులకు, జంతువులకు, కొండలకు ఎవరి యోయిక్ వారికి ఉంటుంది. కవి, గాయకుడు నిల్స్-అస్లాక్ వాల్కెఅపా (1943-2001) దీనిని ఆధునిక వేదికలపైకి తెచ్చాడు. 1991లో ఆయనకు నార్డిక్ కౌన్సిల్ సాహిత్య బహుమతి లభించింది. 1994 లిల్లెహామర్ శీతకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఆయన యోయిక్ పాడాడు.

భూమి హక్కులు

19వ శతాబ్దం మధ్య నుండి నార్వే ప్రభుత్వం సామీలను నార్వేజియన్లుగా మార్చే విధానాన్ని అనుసరించింది. 1902 చట్టం, దాని నియమాల ప్రకారం ఫిన్‌మార్క్‌లో ప్రభుత్వ భూమి కొనాలంటే నార్వేజియన్ భాష వచ్చి ఉండాలి. పిల్లలను హాస్టలు పాఠశాలలలో ఉంచి సొంత భాష మాట్లాడకుండా చేశారు. స్వీడన్ మరొక దారి పట్టింది: కాపరుల పిల్లలకు వేరు పాఠశాలలు పెట్టి, తక్కువ చదువు చెప్పి, వారు కాపరులుగానే ఉండాలన్నది. రెండు దారులూ వ్యతిరేకమైనవిగా కనిపించినా ఫలితం ఒకటే. 1922లో ఉప్సలాలో స్థాపించిన ప్రభుత్వ జాతి జీవశాస్త్ర సంస్థ సామీల తలలు కొలిచి, బట్టలు విప్పించి ఫోటోలు తీసింది.

ఎల్సా లౌలా రెన్‌బెర్గ్ (1877-1931) అనే సామీ మహిళ చొరవతో 1917 ఫిబ్రవరి 6న నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో, సరిహద్దులకు అతీతంగా సామీల తొలి మహాసభ జరిగింది. ఫిబ్రవరి 6 నేడు సామీల జాతీయ దినం. 1979-81లో ఆల్తా నదిపై జలవిద్యుత్ ఆనకట్టకు వ్యతిరేకంగా జరిగిన ఉద్యమంలో సామీ యువకులు ఓస్లోలో పార్లమెంటు ఎదుట గుడారం వేసి నిరాహారదీక్ష చేశారు. ఆనకట్ట ఆగలేదు, 1987లో పూర్తయింది. కాని సామీల హక్కులపై విచారణ సంఘాలు ఏర్పడి, 1989లో నార్వే సామీ పార్లమెంటు కరాషోక్‌లో ప్రారంభమైంది. 1990లో ఆదివాసుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒడంబడికను ఆమోదించిన మొదటి దేశం నార్వే. స్వీడన్, ఫిన్లాండ్ దానిని ఆమోదించలేదు. ఆ దేశాలలో సామీ పార్లమెంటులు 1993, 1996 సంవత్సరాలలో ఏర్పడ్డాయి. ఇవి ఎన్నికైన సభలే అయినా, వీటికి శాసనాధికారం లేదు.

నేటి వివాదాలలో ఎక్కువ భాగం గనులు, గాలిమరల గురించి. నార్వేలోని ఫోసెన్ ద్వీపకల్పంలో శీతకాలపు మేతభూములపై 151 గాలిమరలను నిర్మించారు. తిరిగే మరలకు జింకలు దూరంగా ఉంటాయి కనుక ఆ భూమి మేతకు పనికిరాకుండా పోయింది. 2021 అక్టోబరు 11న నార్వే సుప్రీంకోర్టు, ఈ అనుమతులు పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 27వ అధికరణానికి విరుద్ధమని, చెల్లవని తీర్పు చెప్పింది. కాని మరలు తిరుగుతూనే ఉన్నాయి. 500 రోజులు గడిచాక, 2023లో సామీ యువత ఓస్లోలోని మంత్రిత్వశాఖల ద్వారాలను దిగ్బంధించారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2023 డిసెంబరులోను, 2024 మార్చిలోను కాపరులతో పరిహారపు ఒప్పందాలు కుదిరాయి. మరలను తొలగించలేదు. వాతావరణాన్ని కాపాడటానికి కట్టిన మరల వలననే, వాతావరణ మార్పుకు ముందుగా నష్టపోతున్నవారు భూమి కోల్పోవడం ఈ వివాదంలోని చిక్కుముడి.

భాషలు

సామీ భాషలు యురాలిక్ కుటుంబానికి చెందినవి. ఫిన్నిష్, ఎస్టోనియన్‌లకు దగ్గరి బంధువులు. నార్వేజియన్, స్వీడిష్‌లతో సంబంధం లేదు. తొమ్మిది భాషలు మిగిలి ఉన్నాయి. వీటిలో ఉత్తర సామీని సుమారు 20,000 మంది మాట్లాడతారు. మిగిలినవాటిలో కొన్నింటిని కొన్ని వందలమంది, కొన్నింటిని పదులలోనే మాట్లాడతారు. కోలా ద్వీపకల్పంలోని అక్కలా సామీని ధారాళంగా మాట్లాడే చివరి వ్యక్తి 2003లో మరణించారు. ఒక సామీ రచయిత సామీ భాషలో వ్రాసిన తొలి లౌకిక గ్రంథం 1910లో వెలువడింది. దాని రచయిత యోహన్ తూరి తోడేళ్ళ వేటగాడు.

ఫిన్లాండ్‌లోని ఇనారి సామీని మాట్లాడేవారు సుమారు 300 మంది. 1990లలో పిల్లలలో ఆ భాష వచ్చినవారు దాదాపు లేకుండా పోయారు. 1997లో "భాషా గూడు" పేరుతో ఒక శిశుపాఠశాల ప్రారంభించారు. అక్కడ పెద్దలు పిల్లలతో మొదటి రోజు నుండి ఇనారి సామీ మాత్రమే మాట్లాడతారు. మధ్యతరంవారికి భాష రాదు కనుక, పిల్లలు ముందుగా తమ తాతలతోను అవ్వలతోను మాట్లాడగలిగారు. తరువాత ఆ మధ్యతరం కోసం ఒక సంవత్సరపు శిక్షణను ఏర్పాటు చేశారు. దానిలో చదివిన తల్లిదండ్రులు కొందరు నేడు అదే భాషలో ఉపాధ్యాయులుగా పనిచేస్తున్నారు.